మహేంద్రతనయ పుట్టింటికి

జనవరి 24, శనివారం

బరంపురం నుంచి పలాస వైపు రైల్లో తిరిగేవాళ్ళందరికీ ఆ కొండ తెలుసు. సోంపేట దాటుతుంటే కుడిచేతి కిటికీలో జీడితోటల వెనక నల్లగా లేస్తుంది. చుట్టుపక్కల కొండలన్నీ కూర్చుని ఉంటే అదొక్కటే నిలబడ్డట్టుంటుంది. నెత్తిన ఎప్పుడూ ఒక మబ్బు. ఉద్యోగం పనిమీద, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీలోంచి మహేంద్రగిరిని చూస్తూనే ఉన్నాను. ఎక్కడం మాత్రం ఎప్పటికప్పుడు వచ్చే ఏడాదికి పోయేది.

ఈసారి బ్యాంకుకి నాలుగో శనివారం, ఆదివారం, రిపబ్లిక్ డే వరసగా వచ్చాయి. అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి మా ఆవిడ కదలడానికి లేదు. "మీరైనా వెళ్ళిరండి, మళ్ళీ వచ్చే ఏడు అనకండి" అంది. ఆ మాటతో సంచీ సర్దేశాను.

గుణుపురం రైలెక్కాను. ఈ ప్రయాణంలో నాకు ఎప్పుడూ నచ్చే విషయం ఒకటుంది. బరంపురం ఒడిశా. ఇచ్ఛాపురం వచ్చేసరికి ఆంధ్ర. నౌపడ దగ్గర బండి మెయిన్ లైను వదిలి లోపలికి తిరిగి, టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరేసరికి మళ్ళీ ఒడిశా. బోగీలో మాటలు మాత్రం ఎక్కడా తెగవు. వేరుశనక్కాయలు అమ్మేవాడు తెలుగులో ధర చెప్పి ఒడియాలో చిల్లర అడుగుతాడు.

చిన్నప్పుడు ఇదే దారిలో బుల్లి రైలుండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో ఆపేసి, పెద్ద గేజికి మార్చి 2011లో మళ్ళీ తెరిచారు. సెలవులకి పర్లాకిమిడిలో పిన్ని ఇంటికి ఆ బుల్లి రైల్లోనే వెళ్ళేవాళ్ళం. ఎత్తు వచ్చినచోట అది ఆయాసపడుతుంటే, పిల్లలం సీట్లలో ముందుకు వంగి దానికి సాయం చేస్తున్నామనుకునేవాళ్ళం.

సాయంత్రం పిన్నితో కలిసి ఏటిగట్టుకి వెళ్ళాను. మహేంద్రతనయ. జనవరి కదా, ఇసక మధ్యలో నీళ్ళు సన్నగా పాయలుగా పారుతున్నాయి. ఒక పాయ పక్కన ఇద్దరు దుప్పట్లు ఉతుకుతున్నారు. ఆ కొండకి ఇదే పేరుతో ఇద్దరు కూతుళ్ళు. ఒకతె ఇటు దిగి పర్లాకిమిడి పక్కనుంచి పోయి వంశధారలో కలుస్తుంది. రెండోది అటు తూర్పుకి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నప్పుడు ఈ ఏట్లో ఎన్ని ఈతలు కొట్టామో లెక్కలేదు. ఇది ఎక్కడ పుడుతుందో వెళ్ళి చూడాలని మాత్రం అప్పుడు తోచలేదు.

"ఒక్కడివే కొండెక్కడమేట్రా? శివరాత్రికి రాకూడదూ, ఊరూరంతా ఎల్తాది" అంది పిన్ని. నిజమే, మహాశివరాత్రికి అక్కడ వేలమంది జాగారం చేస్తారు. ఎవరూ లేనప్పుడే చూడాలని ఉంది పిన్నీ అన్నాను. ఆవిడ ఇంకేం వాదించలేదు. ఇంటికెళ్ళి సంక్రాంతికి వండిన అరిసెలు, జంతికలు మూటగట్టింది. పొద్దున్నే పులిహోర కలుపుతానంది. ఓ ఖాళీ సీసా కూడా సంచీలో పెట్టి, "అక్కడి ఊటనీళ్ళు పట్టుకురా. మీ బాబాయి ఉన్నప్పుడు ప్రతి శివరాత్రికీ తెచ్చేవారు" అంది. బాబాయి పోయి ఆరేళ్ళయింది.

జనవరి 25, ఆదివారం

ఈ ఏడు రథసప్తమి ఇవాళే పడింది. నాలుగింటికే లేపి, నెత్తిమీద జిల్లేడాకులు ఏడు, రేగిపండు పెట్టి పిన్ని చేతులతోనే తలమీద నీళ్ళు పోసింది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి, చలికి వణుకుతూ పెరట్లో పీటమీద కూర్చున్నాను. అమ్మ పోయాక ఇలా పోసినవాళ్ళు లేరు.

తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, బండిమీద తీసుకెళ్ళాడు. గారబంధ దాటాక రోడ్డు కొండల్లోకి దూరింది. కొయిన్‌పూర్ దగ్గర టీ తాగి, అక్కడి నుంచి బుర్ఖాత్. ఈమధ్య జీపులు చాలా పైదాకా ఎక్కుతున్నాయి. తమ్ముడు కూడా బండి ఇంకా పైకి పోతుందన్నాడు. వద్దన్నాను. సాయంత్రం అయిదింటికి ఇక్కడే ఉంటానని చెప్పి వాడు దిగిపోయాడు. ఒక్కడూ కొండకి వెళ్ళేవాళ్ళు ఈ పనొక్కటీ మరవకూడదు: ఎన్నింటికి, ఎక్కడికి తిరిగొస్తారో కింద ఒక మనిషికి చెప్పి ఉండాలి.

ఊరి చివర అరుగుమీద ఎండకోసం కూర్చున్న ఒక తాత, నా చేతులు ఖాళీగా ఉండడం చూసి, చూరులోంచి వెదురుకర్ర తీసి ఇచ్చాడు. ఒడియాలో చెప్పాడు: "వెళ్ళేటప్పుడు నీళ్ళు కుడిచేతి వైపు వినబడాలి. దిగేటప్పుడు ఎడమచేతి వైపు. వినబడలేదా, దారి తప్పినట్టే." కర్ర తిరిగి తెచ్చిస్తానన్నాను. తల ఊపాడు.

మొదటి గంట నిండా తోటలే. జీడిమామిళ్ళు, పనసలు, మధ్యమధ్య జీలుగుచెట్లు. ఒక జీలుగుచెట్టు మొవ్వు దగ్గర కుండ కట్టి ఉంది, చెట్టుకి నిలువునా వెదురు నిచ్చెన తాడుతో బిగించి ఉంది. కల్లు వాసనకి తేనెటీగలు మూగుతున్నాయి. తోటలు అయిపోయాక వెదురుపొదలు, ఆపైన పేరు తెలియని పెద్ద చెట్లు, వాటి కొమ్మలనిండా నాచు. ఈ కొండమీది చెట్లూ జీవాల సంపద చూసి 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. తాత చెప్పినట్టే కుడిచేతి వైపు లోయలో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. మనిషి కనబడని దారిలో అదే తోడు.

ఎనిమిదింటికి మంచు కమ్మింది. పది అడుగుల అవతల చెట్టు లేదు. ఆకుల చివర్ల నుంచి నీళ్ళు రాలుతుంటే వానేమో అనుకున్నాను. మోకాలు పట్టేస్తోంది, ఊపిరి చాలడం లేదు. యాభై అడుగులు వెయ్యడం, ఆగడం, యాభై వెయ్యడం. బ్యాంకులో రోజంతా పదిమంది మాటలు చెవిలో పడుతూ ఉంటాయి నాకు. ఇక్కడ నా ఊపిరి చప్పుడు, కింద నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేవు. అలా ఎంతసేపు నడిచానో చూసుకోలేదు.

ఒకచోట దారి ఆ నీళ్ళలో కలిసే ఒక ఊటని దాటింది. ఆగి చూశాను. జానెడు వెడల్పు కూడా లేదు. రెండు రాళ్ళ సందులోంచి వచ్చి, ఒక పెద్దాకు మీద పడి, దాన్ని వంచి జారిపోతోంది. ఆకు లేస్తుంది, మళ్ళీ వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇలాంటి ఊటలు ఎన్ని కలిస్తే ఆ ఏరవుతుందో. నిన్న సాయంత్రం దుప్పట్లు ఉతుకుతున్న నీళ్ళలో ఈ ఆకుమీది నీళ్ళు కూడా ఉండి ఉంటాయి. అక్కడే చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాను. పాదాలు తిమ్మిరెక్కేంత చల్లగా ఉన్నాయి.

ఆ తరవాత చెట్లు పల్చబడి, గడ్డి మొదలై, పదకొండు కాకముందే పైకి చేరాను. 1501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఇదొకటి.

పైన మూడు పాత గుళ్ళున్నాయి: కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో. పాండవులు ఇక్కడికి వచ్చి ఒక రాత్రి గడిపారనీ, పరశురాముడు ఈ కొండమీదే తపస్సు చేసుకుంటూ చతుర్దశికీ అష్టమికీ మాత్రమే దర్శనమిచ్చేవాడనీ భారతం అరణ్యపర్వంలో ఉంది. శివరాత్రి చతుర్దశే కాబట్టి, ఆ రాత్రి ఇక్కడ మేలుకునేవాళ్ళకి ఆ పాత కథ కూడా తోడుంటుందనిపించింది.

కుంతి గుడి శివాలయం. తూర్పు గాంగులకి ఈ మహేంద్రం మీది గోకర్ణస్వామి కులదైవం. వాళ్ళ రాగిశాసనాలు 'మహేంద్రాచల అమల శిఖర ప్రతిష్ఠిత' స్వామికి మొక్కి కానీ అసలు మాటకి రావు. వంశధార ఒడ్డున ముఖలింగంలో కూర్చుని రాజ్యమేలినవాళ్ళు ప్రతి దానపత్రంలోనూ ఈ కొండని తలుచుకున్నారు. దక్షిణాది నుంచి వచ్చిన రాజేంద్రచోళుడు కూడా 11వ శతాబ్దంలో విమలాదిత్యుణ్ణి గెలిచి ఇక్కడ జయస్తంభం వేయించానని సంస్కృతంలోనూ తమిళంలోనూ రాయించుకున్నాడు. పక్కన పులిబొమ్మ, రెండు చేపలు. పులి చోళులది, చేపలు పాండ్యులవి.

అన్నిటికంటే ఎత్తున, కొండ చివర భీముడి గుడి. చిన్నదే, కానీ దాని రాళ్ళు చిన్నవి కావు. ఇంతేసి బండల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టారు. పైభాగం కొంత రాలిపోయింది. గోడకి అరచెయ్యి ఆనించి చుట్టూ తిరిగాను. పడమర వైపు రాయి నాచుతో తడిగా, ఐసులా ఉంది. తూర్పుకి వచ్చేసరికి చెయ్యి పొడిగా తగిలింది, ఇంకాసేపటికి వెచ్చగా తగిలింది. తల ఎత్తితే మంచు విడిపోతోంది. రథసప్తమి సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు. పొద్దున్న పిన్ని పోసిన నీళ్ళు జ్ఞాపకం వచ్చి చేతులు జోడించాను.

తూర్పున దిగువంతా ఉద్దానం తోటలు, నల్లటి ఆకుపచ్చ. దాని అవతల ఆకాశానికీ నేలకీ మధ్య తెల్లటి గీత. సముద్రం. ఏ రైలు కిటికీలోంచి ఇన్నేళ్ళు ఇటు చూశానో ఆ పట్టాలు ఎక్కడున్నాయో వెతికాను. దొరకలేదు. రాష్ట్రాల సరిహద్దు కూడా ఏదో ఒక లోయలో ఉండాలి. అదీ కనబడలేదు. గోడకి వీపు ఆనించి పులిహోర తిన్నాను.

పన్నెండున్నరకి దిగడం మొదలుపెట్టాను. అరగంట తిరక్కుండానే మంచు మళ్ళీ వచ్చింది. గడ్డిలో దారి రెండుగా చీలినచోట ఎక్కువ నలిగినదే దారి అనుకుని దిగాను. అది పశువులు నడిచే దారి. చాలాసేపటికి తెలిసింది, నీళ్ళ చప్పుడు ఎడమవైపే కాదు, ఎటువైపూ లేదని. ఫోన్లో సిగ్నల్ లేదు. ముందు నిటారుగా దిగే వాలు, నడుమెత్తు గడ్డి. గుండె దడ మొదలైంది. అమ్మాయి పరీక్షలు, తమ్ముడు అయిదింటికి కింద ఎదురుచూడడం, అన్నీ ఒక్కసారి బుర్రలోకొచ్చాయి. కాళ్ళు కిందికే పోదామంటున్నాయి. బలవంతాన కూర్చున్నాను. రెండు గుక్కల నీళ్ళు తాగి కళ్ళు మూసుకుని విన్నాను.

నీళ్ళు వినబడలేదు. చర్, చర్ మని ఇంకేదో వినబడింది, పైనుంచి. కొడవలి చప్పుడు.

కేకేస్తే ఎవరో బదులు కేకేశారు. గడ్డి పట్టుకుని పైకి పాకాను. భార్యాభర్తలిద్దరు కొండచీపురు కోస్తున్నారు, పక్కన పదేళ్ళ కుర్రాడు కట్టలు కడుతున్నాడు. సవరలు, ఈ కొండల గిరిజనులు. కొండచీపుర్లకి ఇదే అదను, కోసి ఎండబెట్టి సంతకి దింపుతారు. నా మొహం చూసి ఆ తల్లి ఏమీ అడగలేదు. చెట్టునీడన ఉన్న కుండలోంచి ఆనపబుర్రతో చోడంబలి, అంటే రాగి అంబలి, ముంచి ఇచ్చింది. పుల్లగా, చల్లగా, అడుగున మెతుకుతో. బుర్ర అంచు ఏళ్ళ తరబడి పెదాలు తగిలి నున్నగా అరిగి ఉంది. రెండోసారి ముంచబోతే చాలని చెయ్యి అడ్డం పెట్టాను. అయినా పోసింది.

తెలుగులో మాట్లాడాను, ఒడియాలో మాట్లాడాను. పెద్దవాళ్ళకి ఒడియా కొద్దిగా వచ్చు. కుర్రాడు బళ్ళో చదువుతున్నాడు కాబట్టి వాడే మా మధ్య మాట అందించాడు. ఖాళీ సీసా చూపించి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగితే వాడు తల్లికి ఏదో చెప్పాడు. అందులో ఒక మాట చెవికి పట్టింది. అదేనా నీళ్ళంటే? అని అడిగాను. వాడు నవ్వి మళ్ళీ చెప్పాడు: "డాఆ."

నేనూ అన్నాను. కాదని తల అడ్డంగా ఊపాడు. రెండు ఆల మధ్య గొంతు చిటుక్కున మూసి తెరవాలి. అక్కడ ఊపిరి ఒక్క రవ్వ ఆగాలి. నేను సాగదీస్తున్నాను. మూడోసారికి కూడా ఒప్పుకోలేదు. నాలుగోసారికి తల్లి కూడా కొడవలి ఆపి నా నోటివైపు చూసింది. అయిదోసారికి ముగ్గురూ ఒకేసారి అవునన్నారు.

గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి బళ్ళో మాస్టారుగా చేరారు. ఈ కొండల సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని మేం బరంపురంలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. తెలుగు కోసం ఆయన పడ్డ పాటు గురించి నేనూ రెండుసార్లు మైకులో మాట్లాడాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, మనసు ఒప్పక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారని చెబుతుంటే గొంతు పట్టేసేది. అదే 1936లో మంగయి గమాంగో అనే సవర పెద్దాయన తమ భాషకి 'సొరాంగ్ సొంపెంగ్' అని సొంత లిపి కట్టారు. ఈ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఈ కొండల నీడలో తిరిగిన నాకు సవరలో నీళ్ళనే మాట కూడా ఇవాళ్టిదాకా రాదు. ఆ తల్లి ముందు కూర్చుని ఆ మాట నేర్చుకుంటున్నప్పుడు ఎంతో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఎంతో దొరికినట్టూ అనిపించింది.

కుర్రాడు నన్ను ఊట దాకా తీసుకెళ్ళాడు. గుప్పెడంత గుంట, అడుగున సన్నటి ఇసక ఉడుకుతున్నట్టు కదులుతోంది. సీసా వాడే ముంచి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని ఇచ్చాడు. అక్కడి నుంచి అసలు దారి ఇరవై అడుగులే. అరిసెలూ జంతికల మూట మొత్తం వాడి చేతిలో పెట్టాను. విప్పి వాసన చూసి, తినకుండా మళ్ళీ కట్టేసి, పైకి పరిగెత్తాడు. అమ్మానాన్నల దగ్గర విప్పుతాడు కాబోలు.

ఎడమవైపు నీళ్ళు వినబడుతూ ఉండగా, నాలుగూ నలభైకి బుర్ఖాత్‌లో ఉన్నాను. తాత అరుగుమీద లేడు. కర్ర కడిగి, ఆయన చూరులో ఎక్కడి నుంచి తీశాడో అక్కడే దోపాను.

జనవరి 26, సోమవారం

రెండు తొడలూ రాళ్ళయిపోయాయి. మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాలి. వీధిలో పిల్లలు జెండాలు పట్టుకుని బడికి వెళ్తున్నారు, ఒక గుంపు ఒడియాలో నినాదాలిస్తూ, వాళ్ళ వెనక ఇద్దరు ఆడపిల్లలు తెలుగులో జడల గురించి గొడవపడుతూ. పిన్ని నువ్వులనూనె వెచ్చబెట్టి తమ్ముడి చేత పట్టించింది.

దారి తప్పిన సంగతి ఆవిడకి చెప్పాను. దాచాలనిపించలేదు. కాసేపు ఏమీ అనలేదు. "ఆ తల్లి పేరేటి?" అని అడిగింది. అడగలేదని చెబితే, "అన్నం పెట్టిన మనిషి పేరు అడక్కపోతే ఎలారా" అంది. నిజం. నీళ్ళకి వాళ్ళ మాట అడిగి నేర్చుకున్నాను, వాళ్ళ పేర్లు అడగలేదు. శివరాత్రికి తమ్ముడు ఎలాగూ వెళ్తాడు. చీపుర్లు కోసే ఆ కుటుంబాన్ని బుర్ఖాత్‌లో వాకబు చెయ్యమన్నాను. ఇంత ప్రయాణంలో నన్ను బాధపెట్టేది ఇదొక్కటే.

మధ్యాహ్నం బయల్దేరేముందు పిన్ని సీసా తెచ్చి పెరట్లో ఎండకి ఎత్తి చూసింది. అడుగున రెండు మూడు ఇసక రేణువులు. సగం బాబాయి ఫొటో ముందున్న రాగిచెంబులో పోసింది. మిగతా సగం మూత బిగించి నా సంచీలో పెడుతూ, "దీన్ని ఆళ్ళ మాటలో ఏటంటారన్నావు?" అంది.

చెప్పాను. పిన్ని ఒకసారి అంది. నేను తల అడ్డంగా ఊపాను.